వైకింగ్ ఓడ సమాధులు: చెక్క కుళ్ళిపోయాక ఓడని మట్టిలో ఎలా చదువుతారు?

ఇసుకతిన్నె
వైకింగులు చనిపోయినవాళ్ళని ఓడలో పెట్టి, ఓడతో సహా పూడ్చేవాళ్ళు. అలాంటి యెల్లెస్టాడ్ ఓడ గురించి ఒక సందేహం తెగటం లేదు. నార్వేలో హాల్డెన్ దగ్గర పొలంలో 2018లో రాడార్ పెడితే నేలలో ఓడ ఆకారం కనపడింది. 2020 నుంచి 2022 చివరి దాకా తవ్వారు. చేతికొచ్చింది తుప్పు పట్టిన రివెట్లు (పలకల్ని కలిపే ఇనుప మేకులు), అడుగు దూలంలో కొంత భాగం, మట్టిలో పలకల ముద్రలు, అంతే. ఇటు 1904లో తవ్విన ఓసెబెర్గ్ ఓడ మాత్రం చెక్కుడు పనితో సహా 90 శాతం పైగా అసలు చెక్కతోనే నిలబెట్టారు. రెండూ ఓస్లో ఫ్యోర్డ్‌కి (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చెరో పక్కన ఉన్న ఊళ్ళే. ఇంత తేడా ఎందుకు? ఇంకోటి, చెక్కే లేనప్పుడు ఓడ గురించి ఏం తెలుస్తుంది?

మట్టివాసన
తేడా అంతా గాలి, నీళ్ళ దగ్గరే ఉంది. ఓసెబెర్గ్‌లో ఓడని నీలం బంకమట్టిలో తవ్విన గుంటలోకి దించారు. లోపల రాళ్ళు పోశారు, పైన పచ్చిక గడ్డలు పేర్చి దిబ్బ లేపారు. గడ్డితో సహా కోసిన మట్టి ఇటుకలు అనుకోండి. అవి ఒకదాని మీద ఒకటి అణిగి మూత బిగించినట్టయింది. కింద బంకమట్టి నీళ్ళు దిగనివ్వలేదు, పైన పచ్చిక గడ్డలు గాలి దూరనివ్వలేదు. ఆక్సిజన్ లేకపోతే చెక్కని తినే బూజు బతకదు. అందుకే క్రీ.శ. 834లో పూడ్చిన చెక్క, గుడ్డ, తోలు, అడవి యాపిళ్ళు కూడా మిగిలాయి. అయితే ఆ మూతే ఓడని నలిపేసింది కూడా. పైనుంచి రాళ్ళ బరువు, కిందనుంచి మెత్తటి మట్టి ఉబుకు. ఓడ వేల ముక్కలై బయటికొచ్చింది. "చెక్కుచెదరకుండా దొరికింది" అని రాసేవాళ్ళు ఇది వదిలేస్తారు.

యెల్లెస్టాడ్‌లో దిబ్బని 19వ శతాబ్దంలోనే చదును చేసి దున్నేశారు. ఓడ మిగులు నాగలి పొరకి కాస్త కిందే, అర మీటరు లోతులో ఉంది. దానికి తోడు పొలంలో నీళ్ళు బయటికి పోయే గొట్టం వేశారు. మట్టి ఒకసారి తడుస్తుంది, ఒకసారి ఆరుతుంది. చెక్కకి ఇంతకన్నా చెడ్డ పరిస్థితి లేదు. ఎప్పుడూ తడిగా ఉన్నా మిగులుతుంది, ఎప్పుడూ పొడిగా ఉన్నా మిగులుతుంది, తడీ పొడీ మారితేనే చస్తుంది. 2019లో చిన్న కందకం తవ్వి చూసినప్పుడు బూజు అడుగు దూలం దాకా పాకిందని తేలింది. తవ్వకం అత్యవసరమైంది అందుకే.

ఇంగ్లండ్‌లో సటన్ హూ (ఇది వైకింగ్ కాదు, ఆంగ్లో-శాక్సన్, 7వ శతాబ్దం మొదట్లోది) ఇంకో కొస. అక్కడ ఇసుక ఆమ్లగుణం చెక్కని, ఎముకని రెండింటినీ తినేసింది. 27 మీటర్ల ఓడ ఇసుకలో అచ్చుగా మాత్రమే మిగిలింది. సున్నం ఎక్కువ ఉన్న గవ్వల ఇసుకలో ఉల్టా జరుగుతుంది: చెక్క పోతుంది, ఎముక బాగుంటుంది. కాబట్టి ఏ సమాధిలో ఏం "లేదు" అన్నది ముందు మట్టిని అడగాలి. ఎముకలు లేకపోతే మనిషిని పెట్టలేదని రాసేయకూడదు.

రివెట్టు
రెండో ప్రశ్నకి నేను చెబుతా, ఎందుకంటే చాలామంది రివెట్లని తుప్పు ముద్దలని వదిలేస్తారు. అసలు ఓడ కథంతా వాటిలోనే ఉంది.

ఈ ఓడల్లో పలకల్ని పెంకుల కప్పులా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కిస్తారు. రెండూ కలిసేచోట బయటినుంచి ఇనుప మేకు దిగ్గొట్టి, లోపల చదరపు బిళ్ళ తొడిగి, మిగిలిన కొసని కోసి సుత్తితో అణగ్గొడతారు. మధ్యలో తారు పూసిన ఉన్ని పేట. దీన్నిబట్టి ఒక్క రివెట్టు నాలుగు సంగతులు చెబుతుంది:

తలకీ బిళ్ళకీ మధ్య దూరం అంటే ఆ అతుకు దగ్గర రెండు పలకల మందం. తల ఎటు చూస్తే అది ఓడ బయటివైపు. కాబట్టి గోడ లోపలికి కూలిందా బయటికి వాలిందా తెలుస్తుంది. రివెట్టుకీ రివెట్టుకీ ఉన్న ఎడం పని తీరు చెబుతుంది, ముక్కు దగ్గర వంపు పెరిగేకొద్దీ ఆ ఎడం మారటం కనపడుతుంది. నాలుగోది అన్నిటికన్నా విలువైనది. ఇనుము తుప్పు పడుతూ పక్కన ఉన్న చెక్కలోకి ఇంకి, చెక్క పోయినా దాని కణాల అచ్చు తుప్పులో మిగులుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే అది ఓక్ చెక్కో పైన్ చెక్కో, నార ఏ దిక్కున పోయిందో కూడా చెప్పొచ్చు.

పని వరస ఇలా ఉంటుంది. పై మట్టి తీశాక ఒక్కో రివెట్టునీ కదపకుండా తల, కొస రెండు చివర్లకీ వేరువేరుగా మూడు కొలతలు (అడ్డం, నిలువు, లోతు) తీసుకోవాలి. ఒక్క చుక్కే కొలిస్తే వాలు పోతుంది, వాలు పోతే పలక కోణం పోతుంది. తర్వాత నంబరు చీటీ, ఫోటో, చుట్టూ మట్టితో సహా ఎత్తటం. తుప్పుని అక్కడే బ్రష్ పెట్టి రుద్దితే చెక్క అచ్చు ఊడిపోతుంది. శుభ్రం చేసే ముందే ఎక్స్‌రే. ఆ తర్వాత కంప్యూటర్‌లో అన్ని చుక్కల్నీ వరసలుగా కలిపితే ఒక్కో వరస ఒక్కో పలక అంచు.

డెన్మార్క్‌లో లాడ్బీ ఓడ ఇలాగే చదివారు. 1935లో దొరికింది, చెక్క దాదాపు సున్నా. సుమారు 2,000 రివెట్లు, లంగరు, ముక్కు మీద డ్రాగన్ జూలుగా కొట్టిన ఇనుప చుట్లు మిగిలాయి. వాటి స్థానాల్ని బట్టే 21.5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు అని లెక్క కట్టారు. అంత సన్నగా ఉందంటే అది సరుకు ఓడ కాదు, వేగంగా తెడ్లేసే ఓడ. ఆ అచ్చుని ఇప్పటికీ కదపలేదు. మీద గది కట్టి అక్కడే చూపిస్తున్నారు.

గోదారి_తెడ్డు
రివెట్లు దొరికినంత మాత్రాన ఓడ ఉన్నట్టేనా అండి? పాత ఓడ పలకలు ఇంటి పనికో పెట్టె పనికో వాడి ఉండొచ్చు కదా.

రివెట్టు
సరిగ్గా పట్టుకున్నారు. ఇక్కడే తప్పులు ఎక్కువ జరుగుతాయి. డెన్మార్క్‌లో కొన్ని ఆడవాళ్ళ సమాధుల్లో బండి పెట్టెనే శవపేటికగా వాడారు, దానికీ ఇలాంటి రివెట్లే. పాత పలకలతో మూత వేసిన గుంటలూ ఉంటాయి. తేడా పట్టేది వరసల్ని బట్టి: పడవైతే వరసలు రెండు కొసల దగ్గరా దగ్గరపడి పైకి లేస్తాయి. పెట్టె అయితే సమాంతరంగా వెళ్ళి ఆగిపోతాయి.

దహనం చేసిన ఓడైతే ఈ తర్కం పనిచేయదు, ఎందుకంటే నిప్పు ఆరాక బూడిద, రివెట్లు ఎత్తి ఇంకోచోట కుప్ప పోస్తారు. నార్వే పశ్చిమ తీరంలో మిక్లెబుస్ట్ ఓడ అలాంటిదే, 1874లో తవ్వారు. అక్కడ 44 డాళ్ళ ఇనుప బొడిపెలు, పెద్దసైజు రివెట్లు దొరికాయి. చాలా పెద్ద ఓడ అని వాటివల్లే అనుకుంటున్నారు, కానీ పొడవు అంకె ఎవరు చెప్పినా అది అంచనాయే. నిప్పులో పడ్డ రివెట్టుకి పైన నల్లటి పొర ఏర్పడి తుప్పు తక్కువ పడుతుంది. దహనం జరిగిందనటానికి అదో గుర్తు.

వలయాలు
తేదీల సంగతి నేను అందుకుంటాను. ఓసెబెర్గ్ 834 అని కచ్చితంగా ఏడాది ఎలా చెబుతారని చాలామంది అడుగుతారు. సమాధి గది దుంగల్లో బెరడు కింది చివరి వలయం చెరగకుండా ఉంది కాబట్టి. ఓక్ చెట్టు ప్రతి ఏడూ ఒక వలయం వేస్తుంది, ఏడాది వాతావరణాన్ని బట్టి సన్నమో లావో. ఆ వరసని ఆ ప్రాంతపు పాత వలయాల పట్టీతో సరిపోల్చితే ఏడు దొరుకుతుంది. చివరి వలయం ఎంతవరకు పెరిగిందో చూస్తే కాలం కూడా తెలుస్తుంది. ఇక్కడ ఆ చెట్లని 834 వేసవిలో నరికారు.

బెరడు అంచు లేకపోతే ఈ ధీమా ఉండదు. వడ్రంగి లేత చెక్కంతా చెక్కేస్తాడు, ఎందుకంటే అదే ముందు కుళ్ళుతుంది. ఓడ పలకల్లో ఇదే జరుగుతుంది. కాబట్టి ఓడకి "సుమారు 820" అంటాం, గదికి మాత్రం "834" అంటాం. ఈ రెండు తేదీల మధ్య తేడా కూడా సమాచారమే: సమాధి కోసం ఓడ కట్టలేదు, వాడిన ఓడనే తెచ్చి పెట్టారు. నార్వేలోనే ఇంకో ఓడ సమాధి గోక్‌స్టాడ్‌లోనూ అంతే. ఓడ 890 ప్రాంతంలో కట్టారు, పూడ్చింది 900 దాటాక.

వలయాలు ఊరు కూడా చెబుతాయి. ఓసెబెర్గ్ ఓడ చెక్క అది దొరికిన వెస్ట్‌ఫోల్డ్ వలయాలతో కుదరలేదు, నైరుతి నార్వే తీరంతో కుదిరింది. అదే తీరంలో అవాల్డ్స్‌నెస్ దగ్గర స్టోర్‌హాగ్ దిబ్బలో ఓడతో సమాధి 779 నాటిది, అంటే ఓసెబెర్గ్ కన్నా అర్ధశతాబ్దం పైగా ముందే. ఓడతో పూడ్చే ఆచారం ఆ తీరం నుంచి ఓస్లో వైపు వచ్చిందన్న వాదనకి ఇది బలం.

మట్టివాసన
ఊరు తెలుసుకోవటానికి ఇంకో దారి స్కాట్లండ్ ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో స్కార్ అనే చోట కనపడింది. సముద్రం ఒడ్డుని కోసేస్తుంటే 1991లో హడావిడిగా తవ్వారు. సుమారు 7 మీటర్ల పడవ, చెక్క పోయింది. కానీ పలకల సందుల్లో కుక్కిన పేటలో ఇసుక రేణువులు చిక్కుకుని ఉన్నాయి. వాటి ఖనిజాలు ఓర్క్నీ ఇసుకతో కలవలేదు. పడవ ఎక్కడో కట్టి తెచ్చారు. రివెట్టు చుట్టూ మట్టిని కడిగేసి ఉంటే ఈ ఒక్క ముక్క సాక్ష్యం కాలవలో పోయేది.

లలిత_పరిరక్షణ
ఓసెబెర్గ్‌లో వస్తువులు "నిలిచాయి" అన్న మాట మీద ఒక హెచ్చరిక. మట్టిలో 1,070 ఏళ్ళు నిలిచినవి మ్యూజియంలో వందేళ్ళలో పాడయ్యాయి, కారణం పటిక.

తడిసిన చెక్కని ఊరికే ఆరబెడితే కణాలు కూలి ముడుచుకుపోతుంది. 1904 తర్వాత ఓక్ ముక్కల్ని నిదానంగా ఆరబెట్టారు, ఓక్ గట్టిది కాబట్టి తట్టుకుంది. వంగిపోయిన పలకల్ని ఆవిరిపెట్టి సరిచేసి, అవిసె నూనె, క్రియోసోట్ (తారు నుంచి తీసే నూనె) పట్టించి ఓడ నిలబెట్టారు. తవ్వకం మూడు నెలల్లోపు అయింది, ఈ పని 21 ఏళ్ళు పట్టింది. మేపుల్, బర్చ్ లాంటి మెత్తని చెక్కల వస్తువుల్ని మాత్రం దాదాపు 90 డిగ్రీల వేడి పటిక నీళ్ళలో ఉడకబెట్టారు. చల్లారాక పటిక స్ఫటికాలై చెక్కని లోపల్నుంచి నిలబెడుతుందని లెక్క. అప్పట్లో స్కాండినేవియాలో అందరూ చేసిందే. కానీ వేడిచేసిన పటిక నుంచి గంధకామ్లం పుడుతుంది. అది నూరేళ్ళుగా చెక్కని తింటూనే ఉంది. కొన్ని ముక్కల్లో పిహెచ్ 1 దాకా పడిపోయింది, అంటే చాలా ఘాటైన ఆమ్లం. పైన నూనె, వార్నిష్ పొర చూడటానికి బాగుంటుంది, లోపల పొడి. పైగా ముక్కలు కలపటానికి వాడిన ఇనుప, ఇత్తడి మేకులు ఆ ఆమ్లంలో కరిగి కుళ్ళుని ఇంకా పెంచాయి.

నీళ్ళతో కడిగి పటిక తీసేయొచ్చు కదా అంటే, చాలా ముక్కల్లో చెక్కని పట్టుకుని ఉన్నది ఆ పటికే. తీస్తే మిగిలేది గుజ్జు. 2014 నుంచి నడిచిన సేవింగ్ ఓసెబెర్గ్ ప్రాజెక్టులో ఆమ్లాన్ని తటస్థం చేసే కాల్షియం హైడ్రాక్సైడ్ నానోకణాల్ని ఆల్కహాల్లో కలిపి ఇంకించటం, చెక్క గుణానికి దగ్గరగా ఉండే కొత్త పదార్థాలతో బలపరచటం పరీక్షించారు. ఆల్కహాల్ ఎందుకంటే నీళ్ళు పటికని కరిగిస్తాయి. కొత్త భవనం కోసం 2025లో ఓసెబెర్గ్ ఓడని మార్చినప్పుడు అంత నెమ్మదిగా, ఉక్కు చట్రంలో బిగించి, కుదుపు కొలుస్తూ నడిపించటం ఆడంబరం కాదు.

గోదారి_తెడ్డు
ఓసెబెర్గ్‌లో "బుద్ధుడి బొక్కెన" దొరికిందని విన్నా. మన వైపునుంచి వెళ్ళిందా?

ఇసుకతిన్నె
నేనూ అదే అడగబోతున్నా. స్వస్తిక కూడా ఉందంటారు.

మట్టివాసన
పేరు మోసం చేస్తోంది. బొక్కెన పిడి దగ్గర కాళ్ళు మడిచి కూర్చున్న బొమ్మ ఉంది, ఛాతీ మీద రంగు ఎనామెల్ చదరాల్లో స్వస్తికలు ఉన్నాయి. కానీ ఆ ఎనామెల్ పనితనం ఐర్లండ్, బ్రిటన్ దీవులది. అలా కాళ్ళు మడిచిన బొమ్మలు అక్కడి క్రైస్తవ చేతిరాత పుస్తకాల్లోనూ ఉంటాయి. అంటే అది పశ్చిమ సముద్రం దాటి వచ్చిన వస్తువు, భారతదేశంతో సంబంధం లేదు.

నిజంగా మన వైపు బౌద్ధ విగ్రహం వెళ్ళింది స్వీడన్‌లో హెల్గో దీవికి. వాయవ్య భారతం ప్రాంతంలో సుమారు 6వ శతాబ్దంలో పోతపోసిన చిన్న కంచు బుద్ధుడు. అది సమాధిలో కాదు, నివాస స్థలంలో దొరికింది. ఓడ సమాధుల్లో మన ఉపఖండం పేరు చెప్పుకోదగ్గ సాక్ష్యం గోక్‌స్టాడ్‌లో ఉంది: 12 గుర్రాలు, 8 కుక్కలు, 2 వేట డేగలతో పాటు 2 నెమళ్ళు. నెమలి జాతి పుట్టిల్లు మనదే. అయితే ఆ పక్షులు సరాసరి ఇక్కడినుంచి వెళ్ళాయని చెప్పలేం. యూరప్ రాజుల తోటల్లో అప్పటికే నెమళ్ళు పెంచుతున్నారు.

వెన్నుపూస
మనుషుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఓసెబెర్గ్‌లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికి 70 దాటాయి, ఇంకొకరికి 50 ప్రాంతం. చాలాకాలం "రాణి, ఆమెతో బలి ఇచ్చిన దాసి" అనేవారు. చిన్నామె కంటె ఎముక (మెడ కింద భుజం దాకా ఉండే ఎముక) విరిగి ఉండటమే బలికి సాక్ష్యం అన్నారు. ఎముకల్ని 1948లో దిబ్బలో తిరిగి పెట్టారు, 2007లో మళ్ళీ తీశారు. అప్పుడు చూస్తే విరిగినచోట మానటం మొదలైంది, అంటే చనిపోవటానికి కొన్ని వారాల ముందరి గాయం. పెద్దామెకి ముదిరిన క్యాన్సర్ ఉంది. ఎముకల రసాయన పరీక్షలో ఇద్దరి తిండీ ఇంచుమించు ఒకటే. ఎవరు యజమానురాలో ఎముకలు తేల్చటం లేదు. ఆ విరిగిన ఎముకని బలికి సాక్ష్యంగా చూపటం మాత్రం ఇక కుదరదు.

గోక్‌స్టాడ్ మనిషికి కాళ్ళ ఎముకల మీద నరికిన గాట్లున్నాయి, మానిన గుర్తు లేదు. డాలు కింద నుంచి కాళ్ళని కొట్టటం అప్పటి పోరు పద్ధతి.

నాకు అన్నిటికన్నా విలువైనది ఎస్టోనియాలో సాల్మే. 2008లో కేబుల్ వేస్తుంటే మొదటి ఓడ బయటపడింది, తర్వాత రెండోది. 750 ప్రాంతం. మొదటిదాంట్లో 7గురు, రెండోదాంట్లో 34 మంది. రెండో ఓడలో శవాల్ని పొరలుగా పేర్చి పైన డాళ్ళు కప్పారు. దంతాల ఐసోటోపులు (పెరిగిన చోటు నీళ్ళు, తిండి దంతాల్లో వదిలే రసాయన గుర్తులు) మధ్య స్వీడన్‌లో పుట్టారని చెబుతున్నాయి. 2020లో వచ్చిన డిఎన్‌ఏ ఫలితాల్లో నలుగురు సొంత అన్నదమ్ములని తేలింది. ఒకతని నోట్లో ఆట కాయల్లో రాజు కాయ ఉంది. ఊరికి దూరంగా చచ్చిపోయినవాళ్ళని మిగిలినవాళ్ళు తొందరపడకుండా, వరస తప్పకుండా పూడ్చారు. వైకింగ్ యుగానికి మొదలుగా మామూలుగా చెప్పే, ఇంగ్లండ్‌లో లిండిస్‌ఫార్న్ మఠం మీద జరిగిన దాడికి (793) నలభై ఏళ్ళ పైచిలుకు ముందు. "వైకింగ్ యుగం ఇదిగో ఇక్కడ మొదలైంది" అని ఒక్క తేదీ పెట్టటం ఎంత కష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది.

వలయాలు
దొంగల సంగతి కలుపుతాను. ఓసెబెర్గ్, గోక్‌స్టాడ్ రెండింటినీ పాతకాలంలోనే తవ్వేశారు. తవ్వినవాళ్ళు చెక్క పారలు లోపలే వదిలి వెళ్ళారు. ఆ పారల వలయాలు చూస్తే తవ్వింది 953 తర్వాత, 990లోపు. అంటే ఓసెబెర్గ్‌ని పూడ్చిన సుమారు 120 నుంచి 155 ఏళ్ళకి, గోక్‌స్టాడ్‌ని పూడ్చి నూరేళ్ళు నిండకముందే. కందకం చూస్తే రాత్రిపూట తవ్విన కలుగులా లేదు, పదిమంది చూస్తుండగా చేసిన పెద్ద పని. ఓసెబెర్గ్‌లో ఆడవాళ్ళ ఎముకలు ఆ దారిలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఇది డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ కాలం, ఆయన ఓస్లో ఫ్యోర్డ్ మీద అధికారం చెప్పుకున్నాడు. పాత వంశం పూర్వీకుల దిబ్బని పగలగొట్టటం రాజకీయం అని పరిశోధకుల వాదన. నాకు అది బంగారం కోసం అన్నదానికన్నా బాగా కుదురుతుంది, ఎందుకంటే ఎముకల్ని లాగి పారేయటం బంగారానికి అవసరం లేదు.

గోదారి_తెడ్డు
పడవ పనితనం గురించి. గోక్‌స్టాడ్‌లో కింది పలకల్ని పక్కటెముకలకి (ఓడ లోపల అడ్డంగా వేసే వంపు దూలాలు) మేకులతో కాక తాళ్ళతో కట్టారని చదివా. మన తూర్పు తీరంలో కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా పడవలూ అలలకి వంగేవి కదా.

రివెట్టు
పోలిక వంగటం వరకే. మసూలాలో పలకల అంచుల్నే తాడుతో కుట్టేస్తారు, లోపల పక్కటెముకలు ఉండవు. గోక్‌స్టాడ్‌లో పలకల మధ్య ఇనుప రివెట్లే. పలక చెక్కేటప్పుడే లోపలివైపు బొడిపెలు వదిలి, వాటికి రంధ్రం పెట్టి, పక్కటెముకకి కట్టారు. పలక మందం చాలాచోట్ల 2.6 సెంటీమీటర్లే. నీటిమట్టం దగ్గర 10వ పలక మాత్రం 4.4. బరువు ఎక్కడ పడుతుందో అక్కడే చెక్క వేశారు. 1893లో దీని నకలు ఒకటి నార్వే నుంచి అట్లాంటిక్ దాటి వెళ్ళింది. పెద్ద అలల్లో అడుగు భాగం లేచి దిగుతున్నా నీళ్ళు కారలేదు.

నకళ్ళు తప్పుల్ని కూడా బయటపెడతాయి. 1987లో కట్టిన ఓసెబెర్గ్ నకలు తెరచాపతో వెళ్తూ నీళ్ళెక్కి మునిగింది. వైకింగులు కట్టింది చెడ్డ ఓడ అన్నారు. తర్వాత ముక్కలన్నిటినీ లేజర్‌తో స్కాన్ చేసి చూస్తే, నలిగిన పలకల్ని మ్యూజియంలో కలిపినప్పుడు ముందు భాగం ఉండాల్సినదానికన్నా సన్నంగా వచ్చింది. సరిచేసిన ఆకారంతో టోన్స్‌బెర్గ్‌లో 2012లో నీళ్ళలోకి దించిన కొత్త నకలు బాగా తేలింది, బాగా పరిగెత్తింది.

ఇసుకతిన్నె
ఒక చివరి ప్రశ్న. రాడార్‌కే ఓడ కనపడుతుంటే తవ్వకుండా వదిలేస్తే పోదా?

మట్టివాసన
మట్టి మంచిదైతే వదిలేయటమే మంచిది. రాడార్ చూపించేది చెక్కని కాదు, తడిలో తేడాని. ఓడ గుంట నిండిన మట్టి చుట్టుపక్కల మట్టికన్నా వేరుగా తడి పట్టుకుంటుంది. అందుకే బంకమట్టిలో సిగ్నల్ తొందరగా చచ్చిపోతుంది, వాన పడ్డ మర్నాడు తీసిన డేటా ఎండలో తీసినదాంతో కలవదు. ఆకారం తెలుస్తుంది, లోపల చెక్క ఎంత బతికుందో తెలియదు. దానికి ఒక చిన్న కందకం తప్పదు. యెల్లెస్టాడ్‌లో ఆ కందకమే బూజు సంగతి చెప్పింది, అక్కడ వదిలేసి ఉంటే అడుగు దూలం కూడా మిగిలేది కాదు.

నార్వేలోనే లేకా దీవిలో హెర్లాగ్స్‌హాగెన్ దగ్గర రెండో దారి పట్టారు. 60 మీటర్ల పైన వెడల్పున్న దిబ్బ. 2023లో మెటల్ డిటెక్టర్‌తో చూసి సన్నటి కందకాలు మాత్రం తీశారు. పెద్ద రివెట్లు దొరికాయి, వాటికి అంటుకున్న చెక్కకి రేడియోకార్బన్ పరీక్ష చేస్తే సుమారు 700 అని వచ్చింది. స్టోర్‌హాగ్ కన్నా ఇంకో డెబ్భై, ఎనభై ఏళ్ళు ముందు. దిబ్బలో మిగిలినదంతా అక్కడే ఉంది.